ఎక్కడ వేసినా చేస్తానండి

మొన్న షార్జాలో, రోలా బజార్లో ఒక కుట్టు దుకాణానికి వెళ్ళాను. కొత్త చుడీదారు అంచున దారం వేలాడుతుంటే కత్తెర ఇవ్వమని అడిగాను. మిషను మీద ఉన్న అమ్మాయి తలెత్తకుండానే కత్తెర అందుకుని, పిడి నా వైపు తిప్పి, నా అరచేతికి టప్పున తగిలేట్టు పెట్టింది. నేను దారం సంగతి మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. "క్యా హువా దీదీ?" అని అడిగింది. ఏమీ లేదని కత్తెర బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

అలా ఇచ్చే మనిషి నాకు ఒక్కతే తెలుసు. ఆమె పోయి రెండేళ్ళు దాటింది.

రోలాలో మా పాత ఫ్లాట్లో అందరం ఆమెను పెద్దక్క అనేవాళ్ళం. అసలు పేరు ఇక్కడ రాయను. రాస్తే "నా పేరెందుకే మధ్యలో" అని విసుక్కుంటుంది. పోయిన మనిషి విసుక్కుంటుందా అని మీరు నవ్వొచ్చు. ఆమె సంగతి మీకు తెలియదు.

రెండు గదులు, ఒక హాలు, ఎటు చూసినా రెండంతస్తుల మంచాలు. ఉన్నవాళ్ళందరం నర్సులమే. గోదావరి జిల్లాల వాళ్ళమే ఎక్కువ. ఒకరు డ్యూటీకి పోతుంటే ఒకరు వచ్చి పడుకునేవాళ్ళం. ఆ ఇరుకులో పెద్దక్క వంటింట్లో నిలబడి గరిటె ఇచ్చినా, టీవీ రిమోటు ఇచ్చినా, చివరికి దువ్వెన ఇచ్చినా పిడి మన వైపే ఉండేది. ఊరికే చేతిలో పెట్టేది కాదు, అరచేతికి గట్టిగా ఆనేట్టు కొట్టేది. కొత్తగా వచ్చిన పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు. "చూడకుండా తీసుకోవడం అలవాటు చేసుకోండే. చూశారంటే అక్కడ కోత ఆగిపోద్ది" అనేది. ఉల్లిపాయలు తరగడానికి కోత ఏమిటే తల్లీ అని మేము నవ్వుకునేవాళ్ళం.

అది ఆపరేషన్ థియేటర్ అలవాటు. మా వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ఆమె పెళ్ళి కాకముందు నుంచీ థియేటర్ నర్సు. అక్కడి ముసలి డాక్టరుగారు ఏ పనిముట్టు కావాలో నోటితో చెప్పేవారు కాదట. చెయ్యి చాచేవారట, అంతే. ఏది కావాలో ఈమెకు తెలియాలి. "ఆయన చెయ్యి చాచిన తీరు చూసే తెలిసిపోయేదే. కత్తికి ఒకలా చాచేవాడు, దారానికి ఒకలా. ఒక్కసారి కూడా తప్పివ్వలేదు నేను" అని చెప్పేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది. మొగుడు తాగి పోయిన సంగతి చెప్పినా, తమ్ముడు పొలం అమ్మిన సంగతి చెప్పినా ఆ గొంతు మారేది కాదు. థియేటర్ మాట వస్తేనే మారేది.

నర్సింగు ఎందుకు చదివావక్కా అని అడిగితే మాత్రం పడీపడీ నవ్వేది. "మా పేటలో పదో తరగతి పాసైన ఆడపిల్లకి రెండు దారులుండేయే. ఒకటి నర్సింగు. రెండోది కూడా నర్సింగే" అనేది. మాలో ఎవరి సంగతైనా అంతే. ఎవరి పిన్నో, ఎవరి చర్చి అయ్యగారి కూతురో ముందు వెళ్ళి ఉంటుంది. ఆమె ఇంటికి కొత్త స్లాబు పడి ఉంటుంది. ఆ స్లాబు చూసి మా అమ్మలు మమ్మల్ని ఆ దారిన పెట్టారు. అలా ఎవరో పెట్టిన దారిలో నడుస్తూ నడుస్తూ ఒక చోట ఆగి, ఇది నాకు ఇష్టం అనుకోవడం అందరికీ జరగదు. పెద్దక్కకు జరిగింది. అదే ఆమెకు తంటా తెచ్చింది.

దుబాయ్ ఆసుపత్రుల కోసం కొచ్చిన్‌లో ఇంటర్వ్యూలు పెడితే వెళ్ళిందట. ఏ డిపార్ట్‌మెంట్ కావాలని అడిగారట. థియేటర్ అందట. థియేటర్ ఖాళీ లేదు, వార్డులో చేస్తావా అన్నారట. "నాకు థియేటరే వచ్చండి, అదే ఇష్టమండి" అందట. నెక్స్ట్ అన్నారట. ఆమెతో పాటు వెళ్ళిన పిల్లలందరూ విమానం ఎక్కారు, ఈమె రైలెక్కి ఇంటికొచ్చింది. ఇంట్లో అమ్మ అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదట. ఆ తర్వాత ఏజెంటు కల్బాలో ఒక అరబ్బు ఇంట్లో మంచం పట్టిన ముసలావిడకు నర్సుగా పంపించాడు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ మంచివాడే, ముసలావిడా మంచిదే. కానీ థియేటర్ నర్సు అయిదేళ్ళ పాటు ఒక ముసలావిడకు ఖర్జూరాలు గింజ తీసి తినిపించింది. కిటికీలోంచి సముద్రం కనిపించేదట. "సముద్రం మా ఊళ్ళోనూ ఉందే. దాన్ని చూడ్డానికా ఇంత దూరం వచ్చింది?" అనేది.

కల్బా నుంచి లైసెన్సు పరీక్ష రాసి, షార్జాలో మా ఆసుపత్రి ఇంటర్వ్యూకి వచ్చింది. ఏం కావాలని అడిగితే "ఎనీవేర్ యూ పుట్ మీ, ఐ విల్ డూ" అని, ఒక క్షణం ఆగి, "సర్" అందట. ఎక్కడ వేసినా చేస్తానండి. ఉద్యోగం వచ్చింది. మగవాళ్ళ వార్డులో వేశారు. అప్పటి నుంచి ఆ ఒక్క మాటా ఆమెకు బైబిలు వాక్యమైపోయింది.

నేను విజిట్ వీసా మీద వచ్చిన నెలకే కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. పెద్దక్క డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, వంటింట్లో మాకు ఇంటర్వ్యూ నేర్పేది. హాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతుంటారు కాబట్టి వంటిల్లే గతి. బియ్యం డబ్బా బోర్లించి దాని మీద కూర్చునేది. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, చెవి మీద పెన్ను పెట్టుకుంటే ఇక ఆమె ముదీరే, ఇంటర్వ్యూ చేసే మేనేజరే. మేము ఒకరి తర్వాత ఒకరు ఫ్రిజ్ పక్కన నిలబడేవాళ్ళం.

"కళ్ళు నేల మీద పెట్టకు, పిరికిదానివంటాడు. మొహమ్మీదా పెట్టకు, పొగరుబోతువంటాడు. టై మీద పెట్టు."

"టై కట్టుకోకపోతే అక్కా?"

"టై ఉండే చోటు మీద పెట్టవే. ఊఁ, వాట్ ఈజ్ యువర్ ఎక్స్‌పెక్టేషన్?"

నేను భీమవరంలో ప్రసవాల వార్డులో చేసి వచ్చాను. నాకు అదే ఇష్టం. బిడ్డ బయటపడి, ఏడుపు అందుకునే లోపల గదిలో అందరం ఊపిరి బిగబట్టుకుంటామే, ఆ క్షణం కోసం ఎన్ని గంటలైనా నిలబడతాను. అదే చెప్పాను. లేబర్ రూమ్ కావాలన్నాను.

పెద్దక్క చెవి మీద పెన్ను తీసి నా తల మీద కొట్టింది. "ఖలాస్. ఇంటికి పో. విమానాలు లేవు కదా, నడిచి పో."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు కదక్కా."

"అమ్మ పెట్టకపోతే ఇంట్లోనే ఉంటావే. ముదీర్ పెట్టకపోతే విమానం ఎక్కిస్తాడు. నీ ఇష్టాన్ని ఇప్పుడు బయట పెట్టకు. ముందు సంతకం అవనీ. ఆనక చూసుకోవచ్చు."

ఆ మాట నాతో పదిసార్లు అనిపించింది. సర్‌కి ముందు ఆగడం కూడా నేర్పింది. "వెంటనే సర్ అనకు. బట్టీ పట్టావనుకుంటాడు. ఆగి అను. ఆలోచించి ఒప్పుకున్నట్టుంటది" అనేది. రాజోలు పిల్ల ఒకతి చిన్నపిల్లల వార్డు తప్ప వద్దని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ పిల్లకు కళ్ళు తుడిచి, ముక్కు తుడిచి, మళ్ళీ అదే మాట నేర్పింది. మా ఫ్లాట్లో ఆ మాట నేర్చుకున్న వాళ్ళెవరూ ఖాళీగా వెనక్కి వెళ్ళలేదు. ఆ కరోనా రోజుల్లో ఉద్యోగం అంటే ప్రాణం. కాదని నేనెలా అనగలను? నాకు డయాలిసిస్ ఇచ్చారు. రాజోలు పిల్లను థియేటర్లో వేశారు. ఆ పిల్ల కేకు కొని తెస్తే, పెద్దక్క ముక్క నోట్లో పెట్టుకుని "ఎక్కడేశారే?" అని అడిగింది. ఆ పిల్ల చెప్పింది. పెద్దక్క కేకు నమలడం ఆపింది. తర్వాత మింగి, "మంచిదే" అంది.

సంతకం అయింది. ఆనక చూసుకోవడమే కాలేదు. మా ఆసుపత్రిలో ప్రసవాల వార్డు ఐదో అంతస్తు. లిఫ్టు అక్కడ ఆగి తలుపులు తెరుచుకుంటే ఒక్కోసారి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది. నేను దిగేది ఆరులో.

బయట కూడా పెద్దక్క అంతే. రోలా కాఫెటేరియాలో ఏం తింటావక్కా అంటే "ఏదుంటే అది". చీర కొనడానికి పోతే "నువ్వే తియ్యి". నాకు ఒళ్ళు మండేది. "అక్కా, చచ్చాక దేవుడు పరలోకమా నరకమా అని అడిగినా ఎక్కడ వేసినా చేస్తాననే అంటావు" అన్నాను ఒకసారి. నవ్వి, నవ్వి, దగ్గొచ్చి కూర్చుండిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అప్పుడు ఇద్దరం బాగానే నవ్వుకున్నాం.

కరోనా తగ్గాక ఆసుపత్రిలో కొత్త థియేటర్లు కట్టారు. పాత నర్సుల్లోంచే కొందరిని తీసుకుంటారని అందరూ అనుకుంటున్నారు. ఆ వారం రోజులూ వంటింట్లో పెద్దక్క చేతులు మహా చురుగ్గా ఉన్నాయి. స్పూన్లు, చాకులు గుడ్డ పరిచి వరసగా పెట్టి కడిగేది, తుడిచేది, మళ్ళీ పరిచేది. నేను చూసి చూడనట్టు ఉండిపోయాను.

ఒకరోజు పొద్దున డ్యూటీ మారే వేళకు నర్సింగ్ డైరెక్టరు మేడమ్ తానే వార్డుకు వచ్చింది. నేను పెద్దక్కతో కలిసి ఇంటికి వెళ్దామని అక్కడే ఆగి ఉన్నాను. మేడమ్ తిన్నగా పెద్దక్క దగ్గరికే వచ్చింది. "సిస్టర్, నీ ఫైలు చూశాను. మీ దేశంలో చాలా ఏళ్ళు థియేటర్లో చేశావట కదా. ఇక్కడ ఎవరూ నిన్ను అడగలేదా? నీకెక్కడ పనిచెయ్యాలని ఉందో నువ్వే చెప్పు" అంది ఇంగ్లీషులో. అంత నెమ్మదిగా, అంత మర్యాదగా మమ్మల్ని ఎవరూ అడిగి ఎరగరు. నేను వెనక నుంచి పెద్దక్క నడుము మీద వేలితో పొడిచాను.

పెద్దక్క నిటారుగా నిలబడింది. చేతులు ముందుకు కట్టుకుంది. కళ్ళు మేడమ్ మెడ కింద, టై ఉండే చోట పెట్టింది.

"ఎనీవేర్ యూ పుట్ మీ, ఐ విల్ డూ" అంది. ఆగింది. "మేడమ్."

మేడమ్ ఇంకాసేపు చూసింది. ఇంకేమైనా అంటుందేమోనని నిజంగానే ఎదురుచూసింది, నేను సాక్ష్యం. తర్వాత నవ్వి, పెద్దక్క భుజం తట్టి, "మీవాళ్ళలో నాకు నచ్చేది ఇదే" అని పక్క వార్డుకు వెళ్ళిపోయింది.

బస్సులో పెద్దక్క కిటికీ పక్కన కూర్చుంది. రోలా దగ్గర పడుతుండగా "నా నోటికి అదే వచ్చిందేంటే?" అంది. నన్ను అడిగినట్టు లేదు. నోటి మీద వేళ్ళు పెట్టుకుని, ఆ నోరు ఎవరిదో అన్నట్టు తడుముకుంటోంది. నాకు భయం వేసింది.

మర్నాడు నేనే బలవంతాన బయల్దేరదీశాను. యూనిఫారం ఇస్త్రీ చేసి ఇచ్చాను. డైరెక్టరు గది ఉన్న అంతస్తు దాకా వెంట వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. మేడమ్ ఒక్కతే కూర్చుని టీ తాగుతోంది. అంతకన్నా మంచి సమయం దొరకదు.

"లోపలికెళ్ళి ఏం చెప్పనే?"

"థియేటర్ కావాలని చెప్పు."

"నిన్న ఎక్కడైనా పర్లేదన్నాను. ఇయ్యాల థియేటర్ కావాలంటే, మాట మీద నిలబడని మనిషనుకోదూ?"

"అనుకోదక్కా. ఆవిడే కదా అడిగింది."

"అడిగినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్తే ఎవరో ఎగదోశారనుకుంటది."

తలుపు దాకా వెళ్ళింది. చెయ్యి ఎత్తింది. తలుపు కొట్టకుండా, ఆ చేత్తోనే జుట్టు సర్దుకుని వెనక్కి వచ్చేసింది. "మేడమ్ టీ తాగుతోందే. తాగనీ పాపం" అంది. లిఫ్టు దిగేటప్పుడు ఆమె మొహంలో దిగులు లేదు. గండం గడిచినట్టు తేలిగ్గా ఉంది. అది చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. మనిషి పోతే కోపం పోతుందంటారు, నా విషయంలో అది అబద్ధం.

పెద్దక్క ఆ థియేటర్లోకి ఒకే ఒక్కసారి వెళ్ళింది, స్ట్రెచర్ మీద. గర్భసంచిలో గడ్డ అన్నారు. తలుపు దగ్గర బయటివాళ్ళు దాటకూడని ఎర్రగీత దాకా నేను తోసుకెళ్ళాను. అక్కడి నుంచి రాజోలు పిల్ల తీసుకుంది. లోపల ఏం జరిగిందో తర్వాత ఆ పిల్లే చెప్పింది. "ఎంతసేపూ పైనున్న లైట్లకేసి చూస్తానే ఉందక్కా. మత్తు డాక్టరు భయమేస్తోందా అని అడిగితే 'నో సర్, గుడ్ లైట్' అంది. మత్తెక్కుతుంటే చెయ్యి చాపింది. భయమేమోనని పట్టుకోబోయాను. పట్టుకోనివ్వలేదక్కా. వేళ్ళు ముడిచి, ఎవరికో అందిస్తన్నట్టు గాల్లో కొట్టింది."

గడ్డ కోసి చూస్తే అప్పటికే పాకిపోయిందట. తమ్ముడు వచ్చి ఊరికి తీసుకెళ్ళాడు. వానాకాలం దాటలేదు.

ఆమె చనిపోయిన కబురు విని ఏడ్చాను గానీ, భయపడింది మాత్రం ఆ తర్వాతే. నన్ను డయాలిసిస్ ఇన్‌చార్జిని చేశారు. కొత్త నర్సుల్ని తీసుకునేటప్పుడు మేనేజరు పక్కన నన్నూ కూర్చోబెడుతున్నారు. ఇప్పుడు కొచ్చిన్‌లూ రైళ్ళూ లేవు, అంతా వీడియోలోనే. మొదటిసారి కూర్చున్నప్పుడు నరసాపురం నుంచి ఒక పిల్ల తెర మీదకు వచ్చింది. మేనేజరు ఎక్స్‌పెక్టేషన్ ఏమిటని అడిగాడు. ఆ పిల్ల చూపు కొంచెం కిందికి దిగింది, తెర మీద మేనేజరు టై ఉన్న చోటికి. "ఎనీవేర్ యూ పుట్ మీ, ఐ విల్ డూ" అంది. ఆగింది. "సర్."

ఎవరో మా ఫ్లాట్ పిల్ల చెల్లెలై ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. తర్వాత తుని పిల్ల అంది. తర్వాత కడప పిల్ల. నిజామాబాద్ నుంచి ఒక పిల్ల, మా చర్చీ కాదు, మా జిల్లా కాదు, అదే మాట, అదే చోట ఆగడం. మేనేజరుకు భలే సంతోషం. "ఫ్లెక్సిబుల్" అంటూ టిక్కు పెడతాడు. నాకు మాత్రం ఆ పిల్లల మొహాలు కనపడవు. బియ్యం డబ్బా మీద కూర్చుని చెవి మీద పెన్ను సర్దుకుంటున్న మనిషే కనపడుతుంది. వీళ్ళలో ఎవరికీ ఆమె పేరు తెలియదు. ఆమె మాత్రం ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి మారుతూ ఇంకా ఇంటర్వ్యూలకు వస్తూనే ఉంది.

పోయిన వారం తెర మీదకు ఒక పిల్ల వచ్చింది. బీఎస్సీ నర్సింగు, సన్నగా, రెండు జడల వయసు ఇంకా దాటనట్టు ఉంది. అదే మాట అంది. ఇంతలో మేనేజరుకు ఫోను వస్తే లేచి బయటికి వెళ్ళాడు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎన్నాళ్ళుగానో దొరకని అవకాశం దొరికిందనిపించింది. తెలుగులోకి దిగాను.

"ఆ మాట ఎవరు నేర్పారమ్మా?"

ఆ పిల్ల కంగారుపడింది. "మా వదినండి. అందరూ అదే చెప్తారండి, ఆయ్."

"సరే, అది పక్కన పెట్టు. సార్ లేరు, నేనొక్కదాన్నే ఉన్నాను. ఎక్కడ వెయ్యాలో రాసేది నేనే. ఇక్కడ నాలుగు డిపార్ట్‌మెంట్లలో ఖాళీలున్నాయి. నీకు ఏ పని ఇష్టమో చెప్పు, అదే రాస్తాను. ఏది చెప్పినా ఉద్యోగం పోదు. నాది పూచీ."

పిల్ల నోరు తెరిచింది. ఏదో ఒక మాట పెదాల దాకా వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. మొహం కూడా వెలిగింది. నేను కుర్చీలో ముందుకు వంగాను. చెప్పు తల్లీ, చెప్పు, ఒక్కసారి చెప్పు అని లోపల మొక్కుకుంటున్నాను. అంతలో ఆ పిల్ల తెరకు పక్కగా చూసింది. అటు ఎవరో కూర్చుని ఉన్నారు. గుసగుసలు వినిపించాయి. ఒక ఆడగొంతు "పరీక్ష పెడతన్నారే, జాగర్త" అంది.

పిల్ల మళ్ళీ తెరకేసి తిరిగింది. వెలుగు పోయింది. చేతులు ముందుకు కట్టుకుని, ఎంతో వినయంగా నన్నే అడిగింది.

"నాకేది ఇష్టమని చెప్పమంటారో మీరే చెప్పండి మేడమ్. అదే ఇష్టమని చెప్తానండి."